నారుమళ్లు లెక్కపెట్టిన బాలవ్వ

తడిసిన గోనెసంచి వాసన తగిలితే నేను ఎక్కడున్నా సరే నిటారుగా కూర్చుంటాను. మొన్న సిద్దిపేటలో ఒక దవాఖాన భవనం పనుల గురించి సమావేశం జరుగుతోంది. కిటికీ అవతల, ముందురోజు వేసిన స్లాబు మీద గోనెసంచులు పరిచి పైపుతో నీళ్లు పడుతున్నారు. సిమెంటు, జనుము, నీళ్లు కలిసిన ఆ వాసన ఏసీ గదిలోకి ఏ సందులోంచి దూరిందో తెలియదు గానీ, నేరుగా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఎదురుగా తెర మీద ఒక కంప్యూటరు ప్రోగ్రాము భవనం ఎప్పుడు పూర్తవుతుందో తేదీతో సహా చెబుతోంది. ఇంకొంచెం బతిమాలితే ప్రారంభోత్సవానికి వచ్చే నాయకుడి చొక్కా రంగు కూడా చెప్పేలా ఉంది. అది చెప్పడం అయ్యాక అందరూ నావైపు తిరిగారు. ఎందుకంటే ఈ చుట్టుపక్కల పెళ్లికి ముహూర్తం పెట్టేవాళ్లు వీధికొకరున్నారు, భవనానికి ఆలస్యం పెట్టేవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఏ పని ఎన్ని రోజులు వెనకబడుతుందో ముందే చెప్పడం నా ఉద్యోగం. ఈ విద్య నాకు ఏ కాలేజీలోనూ అబ్బలేదు. మిరుదొడ్డి దగ్గరి ఒక పల్లె నుంచి బస్సులో వచ్చి, ఇలాంటి తడి గోనెసంచుల మధ్యే తల మీద కాంక్రీటు తట్టలు మోసిన బాలవ్వ నేర్పింది.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు కనుక కొలతలు చెబుతాను. మామూలుగా నాలుగడుగుల పది అంగుళాలు. తట్ట ఎత్తుకుంటే ఐదున్నర అడుగులు. కోపం వస్తే ఎనిమిది. ముప్పైమంది ఆడవాళ్ల ముఠాకు ఆమె పెద్ద. కింద నిలబడి ఒక్క కేక వేస్తే మూడో అంతస్తులో తడి సిమెంటు గడువుకు ముందే గట్టిపడేది. ఇది నా అతిశయోక్తి అనుకునేవాళ్లు ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన ఎవరినైనా అడగవచ్చు, నాకంటే పెద్ద అబద్ధం చెబుతారు.

అప్పుడు నేను హైదరాబాదు కంపెనీలో ప్లానింగ్ ఇంజినీరును. పుట్టింది చేర్యాలలోనే అయినా, పదేళ్ల నగరవాసంతో వడ్లు సూపర్‌మార్కెట్లో పండుతాయన్నంత జ్ఞానం సంపాదించి ఉన్నాను. సిద్దిపేట అంచున ఆడపిల్లల హాస్టలు కడుతున్నాం. దాదాపు రెండువందల మంది పిల్లలు, సొంత భవనం లేక, ఊళ్లో కిరాయికి తీసుకున్న ఒక ఫంక్షన్ హాల్లో ఉంటున్నారు. అతిథులు భోంచేసే చోట వరుసగా పడకలు. వధూవరులు కూర్చునే వేదిక మీద పదో తరగతి. పెళ్లికూతురు గదిలో జ్వరం వచ్చినవాళ్లు. హాలు యజమాని జూన్ దాకా ఉండనిస్తానన్నాడు. ఆ తరువాత శ్రావణమాసపు పెళ్లిళ్లకు ఇచ్చుకుంటాడు. జూన్‌కల్లా మా భవనం తయారైతే సరే. కాకపోతే, కాదన్న సంగతి ఎంతో ముందే చెప్పి హాలు ఇంకొంతకాలం అడిగి ఉంచుకోవాలి. చెప్పకపోతే బాజాభజంత్రీలు లోపలికి, పిల్లలు రోడ్డు మీదికి. ఆ తేదీ చెప్పవలసిన మనిషిని నేను.

నాకు భయం లేదు, నా దగ్గర చార్టు ఉంది. ఒక కొస మర్కూక్‌లో పట్టుకుంటే రెండో కొసకు మిరుదొడ్డిలో మేకు కొట్టాల్సినంత పొడవు. అందులో ప్రతి పనికీ ఒక రంగు పట్టీ. పట్టీలన్నీ వంతులవారీగా మెట్లు దిగి, జూన్ ఒకటో తారీఖున వచ్చి చేతులు కట్టుకుని నిలబడతాయి. దాన్ని సైటు షెడ్డులో గోడకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ దర్శనం చేయించేవాణ్ని. ఒకరోజు బాలవ్వ కుండలో నీళ్లు ముంచుకోవడానికి వచ్చి, తాగుతూ తాగుతూ దానివైపు చూసింది.

"గిదేంది సారు, చీరె అంచా?"

"కాదు బాలవ్వా. ఏ పని ఎప్పుడు సురువైతది, ఎప్పుడు ఒడుస్తది, అన్నీ గిందుట్ల ఉన్నయి."

"అన్నీ ఉన్నయా?"

"అన్నీ."

"మరి రాజయ్య బిడ్డ పెండ్లి ఏడున్నది?"

రాజయ్య మా సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబు పోయడానికి ముందు కింద కర్రలు నిలబెట్టి రేకులు పరిచే పని అతనిది. ఎనిమిది రోజుల్లో అంతా సిద్ధమని ఆ పొద్దున్నే నాకు మాట ఇచ్చాడు. అదే చెప్పాను.

"నువ్వేమని అడిగినవ్?"

"పని ఎప్పుడైతదని అడిగిన."

"గట్ల అడుగుతె ఎవడన్న రేపే అంటడు. కాదంటె నువ్వు మొకం మాడ్చుకుంటవని వాని భయం. ఇంట్ల ఏమున్నదని అడుగు, నిజం చెప్తడు."

వెళ్లి అడిగాను. రాజయ్య గంటసేపు మాట్లాడాడు. తొమ్మిదో రోజు పెళ్లి. పందిరి, బంధువులు, అలిగిన బావమరిది, అంతా చెప్పి నన్ను కూడా పిలిచాడు. స్లాబు పదిహేడు రోజులు వెనకబడింది. పెళ్లిభోజనం మాత్రం సకాలంలో అయింది. తిరిగి వచ్చి చార్టు మీద ఎర్రటి పట్టీ ఒకటి గీసి, 'పెండ్లి' అని రాశాను. ఆ రోజు నుంచి ఎవరినీ పని సంగతి అడగలేదు. ఎవరింట్లో ఎవరు నీళ్లోసుకున్నారు, ఎవరి బర్రె ఎప్పుడు ఈనుతుంది, ఎవరు మైసమ్మకు మొక్కుకున్నారు, ఇవే నా లెక్కలు. ఆరు నెలల్లో నాకు ఆ చుట్టుపక్కల పది ఊళ్ల సంగతులు ఎంత బాగా తెలిసిపోయాయంటే, ఎన్నికల్లో నిలబడాలనుకున్న ఒకాయన నన్ను రహస్యంగా వచ్చి కలిశాడు.

నాకిక అన్నీ తెలుసనుకున్న సమయానికి చలికాలం వచ్చింది. ఒక శనివారం సాయంత్రం బాలవ్వ తట్ట బోర్లించి, "రేపు మా ఊరికి రా సారు, ఒకటి చూపిస్త" అంది. మరునాడు మిరుదొడ్డి బస్సెక్కాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని నన్ను అవతలి వరుసలో కూర్చోబెట్టింది.

"కుడిదిక్కు నేను లెక్కవెడ్త, ఎడమదిక్కు నువ్వు లెక్కవెట్టు."

"ఏం లెక్కవెట్టాలె?"

"పచ్చగ చాప పరిచినట్టు చిన్న చిన్న మళ్లున్నయి చూడు, నారుమళ్లు. తప్పకు."

ఆ చిన్న మడిలో వడ్లు ఒత్తుగా చల్లుతారు. నెల తిరిగేసరికి ఆ నారు పీకి పెద్ద పొలంలో నాటుతారు. ఇది చేర్యాలలో ఐదేళ్ల పిల్లకు తెలుసు, నాకు బస్సులో తెలిసింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండో మడి దగ్గర కండక్టరు ఏంటని అడిగాడు. ఇరవయ్యో మడి దగ్గర ఒకటి వదిలేశావని గొడవకు దిగాడు. ముప్పై దాటేసరికి బస్సు బస్సంతా లెక్కపెడుతోంది, డ్రైవరు మంచి నారుమడి వచ్చినచోటల్లా నెమ్మదిస్తున్నాడు. దిగేసరికి రెండు వైపులా కలిపి నూట ముప్పైనాలుగు. కండక్టరు మాత్రం నూట ముప్పైఐదు దగ్గరే పట్టుబట్టి ఉన్నాడు.

"నిరుడు ఎన్ని ఉండె బాలవ్వా?"

"నిరుడా? గీడ తుమ్మలు, మేకలు ఉండె. గిప్పుడు కాలువల నీళ్లొచ్చినయి." ఆమె వేళ్లు మడిచింది. "నెలకు గీ నారంత నాటాలె. నాటేదెవరు? నా ముప్పైమంది ఆడోళ్లే. అటెన్క కలుపు. వానకాలం మల్ల నాట్లు. నీ హాస్టలు జూన్‌ల గాదు సారు. బతుకమ్మకు."

నేను నవ్వాను. నా దగ్గర పాత లెక్కలున్నాయి. ఈ ప్రాంతంలో మా కంపెనీ కట్టిన అన్ని భవనాల సైటు డైరీలూ చదివాను. చలికాలంలో కూలీలకు కొదువ అన్నమాట ఒక్కచోటా లేదు. పంట ఉండదు, పని ఉండదు, జనం భవనాల దగ్గరికే వస్తారు. ఇదంతా బస్టాండులో నిలబడి ఉపన్యాసంలా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది.

"గా బిల్డింగులు కట్టిన్నాడు కాలువ ఉండెనా?"

లేదు. కరువు సంవత్సరాల లెక్కలు ముందు పెట్టుకుని నీళ్ల సంవత్సరానికి జాతకం రాస్తున్నానని ఆ క్షణమే నాకు అర్థం కావలసింది. కానీ ఇంజినీరు పొగరు ఒక పట్టాన తడిసేది కాదు. "చూద్దాంలే" అన్నాను.

చూశాను. నెల తిరిగింది. ముప్పైమంది ఇరవైమంది అయ్యారు, ఇరవైమంది పదకొండు. కాంక్రీటు కలిపే మిల్లర్ ఖాళీగా తిరుగుతూ తనలో తనే మాట్లాడుకునేది. ఒక పొద్దున బాలవ్వ తట్ట లేకుండా, దాని కింద తల మీద పెట్టుకునే చుట్టబట్ట లేకుండా, తలంటుకుని వచ్చింది.

"సారు, రేపటి సంది నేను గూడ రాను."

"నువ్వు గూడనా?"

"నాకు ఎకరన్నర ఉన్నది. నా పెనిమిటి ఉన్నప్పుడు రెండు బోర్లు ఏపిచ్చిండు, దుమ్ము వడ్డది. ఇరవయ్యేండ్లు మందిండ్లకు తట్టలు మోసిన. నిన్న నా మళ్ల నీళ్లు నిలవడ్డయి సారు. మోకాలు మునిగింది."

ఆమె మోకాలి దాకా చెయ్యి పెట్టి చూపించింది. ఎనిమిదడుగుల కోపాన్ని చూశాను గానీ, ఆ రోజు ఆమె ఎంత ఎత్తుందో నేను కొలవలేను. "నీ పని ఆగుతది, నాకెర్కే. ముందుగాల్నే చెప్పిన గద" అని, నా చార్టువైపు జాలిగా ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

ఇక్కడ మా పెద్దసారు గురించి చెప్పాలి. ప్రాజెక్టు మేనేజరు. ఆయన ముందు ఆలస్యం అనే మాట అనకూడదు, 'సవరించిన వేగం' అనాలి. సంగతి తెలిసి ఆయన వేరే రాష్ట్రం నుంచి నలభైమందిని రెండు లారీల్లో దింపించారు. మొదటిరోజు వాళ్లు భీముడిలా పనిచేశారు. రెండోరోజు మా గేటు ముందు బండ్ల మీద రైతులు కనిపించారు. మూడోరోజు నలభైమందీ పొలాల్లో ఉన్నారు. రైతులు కూలీ ఎక్కువ ఇస్తామన్నారట, పైగా మధ్యాహ్నం కోడికూర. మా సైటులో పప్పు. కోడికూరను ఏ చార్టు ఆపగలదు?

అప్పుడు హాస్టలు వార్డెన్ సుజాత మేడం సైటుకు వచ్చారు. హాలు యజమాని సోమవారంలోగా కాగితం మీద రాసిమ్మన్నాడట. జూన్‌లో ఖాళీ చేస్తారా, దసరా దాకా ఉంటారా. శ్రావణం ముహూర్తాలకు పెళ్లివాళ్లు అప్పుడే వరస కట్టారు. ఒకసారి మాటిచ్చాక ఆయన కూడా వెనక్కి తీసుకోలేడు. పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, "జూన్ అని రాయవయ్యా" అన్నారు.

నా చేతిలో పెన్ను ఉంది. రాస్తే ఉద్యోగం ఉంటుంది, మర్యాద ఉంటుంది. శ్రావణంలో పిల్లల గతి గురించి శ్రావణంలో ఆలోచించవచ్చు, అప్పటికి నన్ను వేరే సైటుకు పంపి ఉంటారు. మేడం నావైపే చూస్తున్నారు.

"దసరా సార్."

"ఏ ఆధారంతో?"

"నూట ముప్పైనాలుగు నారుమళ్లు సార్."

పెద్దసారు లేచి, "చూపించు" అన్నారు. కారు తీశాం.

బాలవ్వ పొలం దగ్గర ఆగేసరికి మా ముఠా మొత్తం అక్కడే ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, నడుములు వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. సైటులో మూడు నెలలుగా నేను ఎదురుచూసిన వేగం అక్కడ కనిపించింది. పెద్దసారు గట్టు మీద నిలబడి పిలిచారు.

"ఏమ్మా, పనికెప్పుడొస్తారు?"

బాలవ్వ నడుమెత్తలేదు. "గిది పని గాదా సారు?"

ముఠా అంతా నవ్వింది. పెద్దసారు ఒక అడుగు ముందుకేశారు, బూటు బురదలో దిగబడింది, కాలు మాత్రం బయటికి వచ్చింది. అప్పుడు బాలవ్వ లేచి, చేతుల బురద దులుపుకుని, ఆ బూటు పీకి గట్టు మీద పెట్టింది. తరువాత మర్యాదగా, తొందరేమీ లేకుండా చెప్పింది.

"నాట్లు ఇంక పది దినాలు సారు. అటెన్క వస్తం. నడుమ కలుపుకు పదిహేను దినాలు పోతం. కోతలు మిషిన్ కోస్తది, ఎండకాలమంత నీదే. వానకాలం నాట్లకు మల్ల ఒక నెల. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి తాళం చెవి నీ చేతుల వెడతం. నువ్వు జూన్ అని రాసుకుంటె రాసుకో. శ్రావణంల పెండ్లోళ్లొచ్చి తలుపు కొడితె గా పిల్లలు ఏడ పండాలె, గదొక్కటి గూడ రాయి."

ఆయన చాలాసేపు బూటు తుడుచుకున్నారు. తుడుచుకోవలసినదానికంటే ఎక్కువసేపే తుడిచారు. చివరికి నాతో, "దసరా అని రాయి. సంతకం నువ్వే పెట్టు. తేడా వస్తే నువ్వూ నీ నారుమళ్లూ" అన్నారు. కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. కింద సంతకం పెట్టాను. మడిచి జేబులో పెట్టుకుంటుంటే బాలవ్వ గట్టు దాకా వచ్చింది.

"పిల్లలకెవరు చెప్తరు?"

"మేడం చెప్తది."

"ఆలస్యం నీదైతె, నోరు ఆమెదా?"

ఆ తరువాత జరిగింది జిల్లా చరిత్రలో రాయదగ్గ విషయం గనుక క్లుప్తంగా చెబుతాను. యజమాని హాలు దసరా దాకా ఉంచాడు, పెళ్లివాళ్లు వేరే హాళ్లు చూసుకున్నారు. ముఠా చెప్పిన రోజున వచ్చింది, చెప్పిన రోజున పోయింది. జూన్ నాటికి మా భవనానికి కిటికీలు లేవు. శ్రావణంలో మెట్లకు రెయిలింగులు లేవు. ఎంగిలిపూలకు, అంటే బతుకమ్మ మొదటి రోజుకు, మూడు రోజుల ముందు తాళం చెవి అప్పగించాం. కంపెనీ మొత్తంలో రాసిన తేదీకి అప్పగించిన భవనం ఆ ఏడాది అదొక్కటే అని పెద్దసారు పదిమందిలో చెప్పుకున్నారు, తన ముందుచూపు అన్నట్టుగా. బాలవ్వ మాత్రం చిన్నబుచ్చుకుంది. "మూడు దినాలు తప్పిన. ఎవడో తొందరవడ్డడు" అంది. సెలవులకు ఇళ్లకు పోయేముందు పిల్లలు కొత్త హాస్టలు ముందు బతుకమ్మ ఆడారు. ఆమె తన పొలం గట్టు మీద పూసిన బంతిపూలు మూటకట్టుకుని వచ్చి, గోడకు ఆనుకుని చూసింది. ఆ గోడకు ఇటుకలు మోసింది ఆమే. ఆ తరువాత ఆమె ఏ సైటుకూ రాలేదు, వచ్చే అవసరం రాలేదు. ఆమె తట్ట మోయని ప్రతి రోజూ నాకు ఒక బహుమతి అందినట్టే ఉంటుంది.

కానీ బాలవ్వ పేరు చెబితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పండుగ కాదు. దానికి ఏడు నెలల ముందు, నేను సంతకం పెట్టిన వారంలోని ఆదివారం. ఆమె నాట్లలోంచే, మడమలకు బురద ఎండిపోయి ఉండగానే, నన్ను ఫంక్షన్ హాలుకు లాక్కెళ్లింది. పిల్లలందరూ పడకల మీద కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని, 'అనివార్య కారణాల వల్ల' అని మొదలయ్యే ఒక మహోపన్యాసం సిద్ధం చేసుకున్నాను. బాలవ్వ మోచేత్తో పొడిచింది. ఉపన్యాసం అక్కడే రాలిపోయింది.

"అమ్మా, జూన్‌ల గాదు. బతుకమ్మకు అయితది. లెక్క తప్పింది నేను."

ఏడుపులు వస్తాయని, ఆ వరదలో నేను కొట్టుకుపోతానని అనుకున్నాను. ముందు వరసలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడింది.

"పక్కానా సార్?"

"పక్కా."

"మల్ల మారదు గద?"

"మారదు."

ఆ పిల్ల పక్కనున్న పిల్లతో ఏదో గుసగుసలాడింది. తరువాత గోడ దగ్గరికి పోయి, తన రేకుపెట్టెను బయటికి లాగి, తాళం తీసింది. ఆ హాల్లోకి వచ్చిన నాటి నుంచి ఎవరు వచ్చినా 'ఇంకో రెండు నెలలే' అంటూ పోయారట. రెండు నెలలకు సర్దుకోవడం ఎందుకని ఎవరూ పెట్టెల్లోంచి బట్టలు తీయలేదు, కట్టిన పుస్తకాల మూటలు విప్పలేదు. ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేచిపోవడానికి ఏడాదిగా సిద్ధంగా కూర్చున్నారు. మొదటి మూత లేచింది. దాని పక్కది లేచింది. ఇంకాసేపటికి ఆ హాలంతా రేకు మూతల చప్పుడు. ఒక పిల్ల బట్టలారేసుకోవడానికి తాడు కావాలని మేడంను అడుగుతోంది. ఇంకొకతె గోడకు మేకు కొట్టుకోవచ్చా అంటోంది. బాలవ్వ అప్పటికే కొట్టడానికి ఒక రాయి వెతుక్కుని వచ్చింది.

నేను ఇప్పుడు ఎన్నో భవనాలకు తేదీలు చెబుతున్నాను. ఏ కాగితం మీద రాసినా, వెళ్లి ఎదురుచూసేవాళ్ల ముందు నిలబడి నా నోటితోనే చెబుతాను. చెప్పాక కాసేపు అక్కడే ఉంటాను. నేను చెప్పిన మాట నమ్మి ఎవరైనా పెట్టె తాళం తీస్తారేమోనని చూస్తాను. తీస్తే, లెక్క సరిగ్గా వేసినట్టు.